‘మీరు పదండి, నేను వెనకాలే వస్తా’

హైదరాబాద్ నుంచి శని, ఆదివారాల్లో కొండలకూ అడవులకూ మనుషుల్ని తీసుకెళ్లే ట్రెక్కింగ్ గ్రూపుల నిర్వాహకులకు, ఆ బస్సుల్లో నాతోపాటు ఎక్కే తోటి నడకదారులకు,

నమస్కారం.

నేనూ మీలో ఒకణ్ణే. తొమ్మిదేళ్లుగా ఏదో ఒక గ్రూపుతో నడుస్తూనే ఉన్నాను. భువనగిరి బండ మీద అరచేతులు దోక్కుపోయాయి. అనంతగిరి అడవిలో వానకు తడిసి ముద్దయ్యాను. అహోబిలంలో ఉగ్రస్తంభం దాకా ఎక్కి, దిగేటప్పుడు మోకాళ్లు వణికితే నరసింహస్వామికి ఒకటికి రెండు మొక్కులు మొక్కుకున్నాను. కాబట్టి ఇది ఒడ్డున కూర్చున్నవాడు రాసే ఉత్తరం కాదు. తప్పు ఎంచాల్సి వస్తే ముందు నాదే ఎంచాలి. ఎందుకో చెప్తాను.

పోయిన ఏడాది ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం నల్లమల అంచున వాగు వెంబడి నడకకు వెళ్లాం. తీసుకెళ్లిన గ్రూపు పేరు చెప్పను. వాళ్లు చేసిన తప్పు మనందరం ప్రతి వారం చేస్తున్నదే. మొత్తం 32 మందిమి. అందులో మా బావమరిది ఒకడు. మా ఆవిడ తమ్ముడు, 41 ఏళ్లు, నాలుగేళ్లుగా షుగర్. ఆఫీసు కుర్చీ, కారు సీటు, ఇంట్లో సోఫా, ఈ మూడే అతని లోకం. ‘నడిస్తే షుగర్ తగ్గుతుంది, రారా’ అని వెంటపడి తీసుకెళ్లింది నేనే.

తెల్లవారుజామున 4 గంటలకు బస్సు. టిఫిన్ ఎలాగూ దారిలో పెడతారు కదా అని షుగర్ మాత్ర 5 గంటలకే వేసుకున్నాడట. టిఫిన్ వచ్చేసరికి ఏడున్నర దాటింది. చల్లారిన ఇడ్లీలు. ఒకటి తిని పక్కన పెట్టాడు. ఈ సంగతులేవీ నాకు అప్పుడు తెలియవు. అడగలేదు కాబట్టి తెలియవు. బస్సులో ఆ గ్రూపు పిల్లలు పెట్టిన పరిచయాల ఆటలో అతనికి ఇష్టమైన హీరో ఎవరో, బిర్యానీలో ఏ ముక్క ఇష్టమో 32 మందికీ తెలిసింది. షుగర్ ఉన్న సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియలేదు. ఫోన్ టార్చి వెలుతురులో సంతకం చేయించుకున్న కాగితంలో మాత్రం ‘నాకు ఏం జరిగినా బాధ్యత నాదే’ అని ఉంది. అందరం చదవకుండానే సంతకం పెట్టాం.

పదిన్నర ప్రాంతంలో మావాడు వెనకబడ్డాడు. ఆగాను. చెమటలు కారుతున్నాయి, ఎండ కదా అనుకున్నాను. ‘మీరు పదండి బావా, నేను వెనకాలే వస్తా’ అన్నాడు. మరో రెండు నిమిషాలు నిలబడ్డాను. ‘చెప్తే అర్థం కాదా? నన్ను కాసేపు వదిలెయ్ బావా!’ అని అరిచాడు. పద్నాలుగేళ్ల చుట్టరికంలో నా మీద గొంతు పెంచడం అదే మొదటిసారి. నాకూ ఉడుకుమోత్తనం వచ్చింది. మా ఇంట్లో అలకలు కొత్త కాదు. అతని పెళ్లిలో మొదలైన ఒక అలక ఇప్పటికీ ఏ పండక్కో తలెత్తుతుంటుంది. ఇదీ అలాంటిదే అనుకుని, బాటిల్ చేతికిచ్చి ముందుకు నడిచాను. అవతల జలపాతం చప్పుడు వినిపిస్తోంది.

జలపాతం దగ్గర స్నానాలు చేశాం, ఫోటోలు దిగాం. పన్నెండున్నరకు భోజనాల పొట్లాలు పంచారు. పులిహోర పొట్లం ఒకటి మిగిలింది.

అలా తెలిసింది. మనుషుల్ని లెక్కపెట్టినప్పుడు కాదు, పొట్లాలు లెక్కపెట్టినప్పుడు. బస్సు దిగాక మళ్లీ తలలు లెక్కపెట్టినవాళ్లే లేరు. నాకైనా ఆ రెండు గంటల్లో ఒక్కసారి వెనక్కి వెళ్లి చూడాలనిపించలేదు. అతనే వస్తాడులే అనుకున్నాను. అలిగాడు కదా, నేనెందుకు తగ్గాలి అని కూడా అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

వెనక్కి పరుగెత్తాం. బాట రెండుగా చీలే చోట పశువులు తొక్కిన దారి ఒకటి కుడివైపు పోతుంది. మనుషుల బాటకంటే అదే నున్నగా ఉంది. మావాడు అటు మళ్లాడు. రెండుంబావుకు దొరికాడు, అదీ మాకు కాదు, ఒక మేకల కాపరికి. మద్దిచెట్టు కింద పడుకోబెట్టి, తన తువ్వాలు తడిపి తల మీద వేసి, మూటలోంచి పల్లీలు, బెల్లం ముక్క తీసి తినిపించాడు. మేం వెళ్లేసరికి మావాడు లేచి కూర్చున్నాడు కానీ నన్ను చూసి ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. కాపరికి అరవై ఏళ్లుంటాయి. మమ్మల్ని పై నుంచి కిందికి చూశాడు. మా బూట్లు, టోపీలు, వీపున సంచులు. ‘కుంటి మేకను గూడ ఇడిసిపెట్టి రాం సారూ. మనిషిని ఎట్ల ఇడిసిండ్రు?’ అన్నాడు. 31 మందిలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

సాయంత్రం ఊళ్లో ఆస్పత్రికి తీసుకెళ్తే అప్పటికి షుగర్ మామూలుకు వచ్చింది. డాక్టరమ్మ నన్ను అడిగిన మొదటి ప్రశ్న: ‘మధ్యలో చిరాకు పడ్డాడా?’

పడ్డాడు. షుగర్ 70కి దిగువకు పడిపోతే చెమటలు, వణుకు, గుండెదడ వస్తాయి. ఇంకా పడిపోతే మెదడుకు ఇంధనం చాలదు. మాట తడబడుతుంది, కోపం వస్తుంది, ఏది ఏ దారో తెలియదు. నేను అలక అనుకున్నది రోగ లక్షణం. అప్పుడే మూడు చెంచాల పంచదారో అర గ్లాసు పళ్లరసమో ఇచ్చి, పావుగంట చూసి, తేరుకోకపోతే మళ్లీ అంతే ఇచ్చి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. (స్పృహ లేనివాళ్ల నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, ఊపిరి దారిలోకి పోతుంది.) నా సంచిలో గ్లూకోజ్ ప్యాకెట్ ఉంది. జలపాతం దగ్గర పిల్లలు తాగుతామంటే దాన్ని విప్పింది కూడా నేనే.

నేను మీతో మాట్లాడాలనుకున్నది ఆ ఒక్క మాట గురించే. ‘మీరు పదండి, నేను వెనకాలే వస్తా.’

ఆ మాట మనకు కొత్త కాదు. పెళ్లి భోజనంలో ‘చాలు చాలు’ అన్నా ఇంకో లడ్డూ ఎందుకు వేస్తాం? ఆ ‘చాలు’ మొహమాటమని తెలుసు కాబట్టి. ఇంటికొచ్చిన చుట్టం ‘కాఫీ ఏం వద్దండీ’ అంటే వెంటనే పాలు పొయ్యి మీద పెడతాం. విస్తరి ముందు అంత బాగా తెలిసిన మొహమాటం కొండ మీద ఎందుకు తెలియదు? ఎందుకంటే ఇక్కడ ఎదుటివాడి మొహమాటం మనకు లాభం. అతను ‘పదండి’ అంటే మనకు అనుమతి దొరికినట్టు. జలపాతం ముందుగా చూడొచ్చు. నలుగురిలో పరువు పోతుందని అతను నోరు విప్పడు, అడిగితే ఆలస్యమవుతుందని మనం అడగం. ఇద్దరం మర్యాదగా ఒకణ్ణి అడవిలో వదిలేస్తాం.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. కొండ మీద ప్రాణం మీదికి తెచ్చే జబ్బుల్లో చాలావాటికి ఒక గుణం ఉంది. అవి ముందు దెబ్బకొట్టేది తెలివినే. వడదెబ్బలో ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు. విపరీతమైన చలిలో ఒళ్లు చల్లబడినవాళ్లు కొందరు వేడిగా ఉందని చొక్కా విప్పేస్తారు. ఎత్తుకు వెళ్లినప్పుడు మెదడు వాస్తే తాగినవాడిలా తూలుతూ ‘నాకేం కాలేదు’ అంటారు. బాగోలేదని తెలుసుకోవాల్సిన బుర్రకే బాగోనప్పుడు ‘బాగున్నావా?’ అని అడిగి, ‘ఆఁ’ అనగానే ఊరుకుంటే ఏం లాభం? అందుకే తోడుండే మనిషి కళ్లు కావాలి. పొద్దున్న ఎలా మాట్లాడాడు, ఇప్పుడెలా మాట్లాడుతున్నాడు అని పోల్చి చూసే ఒక మనిషి కావాలి. 32 మంది కలిసి ఒకరిని చూడలేరు. ఒకరు ఒకరిని చూడగలరు.

ఎవరెస్ట్ మీద 2006 మే నెలలో జరిగింది గుర్తు చేస్తాను. లింకన్ హాల్ అనే ఆస్ట్రేలియా పర్వతారోహకుడు శిఖరం ఎక్కి దిగుతుండగా మెదడు వాపుతో కూలిపోయాడు. షెర్పాలు గంటల తరబడి ప్రయత్నించి, ఇక ప్రాణం లేదనుకుని కిందికి వచ్చేశారు. మర్నాడు తెల్లవారాక డాన్ మజూర్ బృందం అటుగా పైకి వెళ్తూ చూస్తే, 8,500 మీటర్లకు పైన, ఆ చలిలో, టోపీ లేదు, చేతికి తొడుగుల్లేవు, కోటు విప్పుకుని కూర్చుని ఉన్నాడు. వాళ్లకు శిఖరం ఎంతో దూరం లేదు. దాన్ని వదిలేసి ఆయన దగ్గర ఆగిపోయారు. హాల్ బతికాడు. దానికి పది పన్నెండు రోజుల ముందే అదే దారిలో డేవిడ్ షార్ప్ అనే బ్రిటన్ పర్వతారోహకుడు చనిపోయాడు. ఆయన పక్కనుంచి పదులమంది నడిచి వెళ్లారు. అంత ఎత్తులో ఎవరు ఎవరిని మోయగలరన్న వాదన నాకు తెలుసు, దాన్ని కొట్టెయ్యను కూడా. కానీ మన వాగు గట్టు ఎనిమిది వేల మీటర్ల ఎత్తున లేదు. మన దగ్గర ఆక్సిజన్ ఉంది, నీళ్లున్నాయి, కావలసినంత టైమ్ ఉంది. లేనిది వెనక్కి తిరిగి చూసే అలవాటు.

‘అందరూ పెద్దవాళ్లే కదా, ఎవరి బాధ్యత వాళ్లది’ అని మీలో కొందరు అంటారు. ఆ రోజు తిరుగు ప్రయాణంలో బస్సులోనే ఒకాయన అన్నాడు. పెద్దవాళ్లే. కానీ కలిసి బయల్దేరడం అంటేనే ఒక ఒప్పందం. నెల్లూరు జిల్లా నుంచి వెళ్లి, 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలూ ఎక్కిన మల్లి మస్తాన్ బాబు, 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా పైకి వెళ్లి తిరిగి రాలేదు. ఆయన ఒంటరితనం ఆయన ఎంచుకున్నది, దాని లెక్కలు తెలిసి ఎంచుకున్నది. మా బావమరిది ఒంటరిగా వెళ్దామని రాలేదు. బావ ఉన్నాడని వచ్చాడు. ఒంటరిగా వెళ్లడం వేరు, వెంట తీసుకెళ్లి ఒంటరిని చెయ్యడం వేరు.

ఆస్ట్రియాలో ఈ తేడా కోర్టు దాకా వెళ్లింది. 2025 జనవరిలో ఆ దేశంలోకెల్లా ఎత్తయిన గ్రాస్‌గ్లాక్నర్ మీద, శిఖరానికి కాస్త దిగువన, ఒక యువతి చలికి చనిపోయింది. వెంట వచ్చిన ఆమె స్నేహితుడు సాయం కోసమని అర్ధరాత్రి దాటాక ఆమెను వదిలి వెళ్లాడు. ఇద్దరిలో అనుభవం ఉన్నది అతనికే, ప్రయాణం వేసిందీ అతనే, కాబట్టి డబ్బు తీసుకోకపోయినా దారి చూపే బాధ్యత అతనిదే అంటూ అక్కడి ప్రాసిక్యూటర్లు కేసు పెట్టారు. మనకు అలాంటి కేసులు కావాలని కోరడం లేదు. ‘నువ్వు రా, నేనున్నాగా’ అని తీసుకెళ్లినవాడికి ఆ మాట మెడకు చుట్టుకుంటుందని మాత్రం ఒప్పుకోవాలి. నా మెడకు చుట్టుకుంది.

చట్టాలు, రూల్సు ఎప్పుడొస్తాయో మనకు తెలుసు, చావులయ్యాక. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు కార్చిచ్చులో చిక్కుకుని 20 మందికి పైగా చనిపోయాక అక్కడ ట్రెక్కింగ్‌కు నిబంధనలు వచ్చాయి. మనం అంతవరకూ ఆగాలా?

అయినా ఈ తోడు నడక విద్య మనకు ఎవరో వచ్చి నేర్పాల్సింది కాదు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం వెళ్లినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. అమ్రాబాద్ అడవిలో ఆ రాళ్ల దారిన లోయలోకి దిగుతూ జనం ‘వస్తున్నాం లింగమయ్యా’ అని అరుస్తారు, తిరిగొస్తూ ‘పోయొస్తాం లింగమయ్యా’ అంటారు. ఒకరు అంటే వెనకవాళ్లు అందుకుంటారు, వాళ్ల వెనకవాళ్లు అందుకుంటారు. దేవుడికి వినిపిస్తుందో లేదో గానీ వెనక మనిషి ఉన్నాడని ముందువాడికి వినిపిస్తుంది. అది గొంతులతో పేనిన తాడు. ఉగాదికి శ్రీశైలం నడిచి వెళ్లే కన్నడ భక్తుల్ని చూడండి. భీమునికొలను దగ్గర ఆ మెట్ల దారిలో ముసలామె కూర్చుంటే గుంపులో ఒకరైనా పక్కన కూర్చుంటారు. వాళ్లకు వాట్సాప్ గ్రూపు లేదు, విజిల్ లేదు. మనకు రెండూ ఉన్నాయి.

ఇక నిర్వాహకులను నేను అడిగేవి. డబ్బు ఖర్చయ్యేవి కావు.

బస్సు కదలక ముందే ఇద్దరిద్దర్ని జతచెయ్యండి. బిర్యానీ ముక్కల ఆట తర్వాత ఆడుకోవచ్చు, ముందు ఆ ఇద్దరూ ఒకరికొకరు నాలుగు సంగతులు చెప్పుకోవాలి: ఏం మందులు వాడుతున్నారు, పొద్దున్నుంచి ఏం తిన్నారు, రాత్రి నిద్ర పోయారా, ఇంట్లో ఎవరికి ఫోన్ చెయ్యాలి. కొత్తవాళ్లతో, ముఖ్యంగా ఆడవాళ్లకు, ఇది ఇబ్బంది కావచ్చు. అందుకని జతను ఎవరికి వాళ్లు ఎంచుకోనివ్వండి, నచ్చకపోతే కారణం అడక్కుండా మార్చండి. ఒంటరిగా వచ్చిన అమ్మాయికి తోడు పేరుతో ఒక తలనొప్పిని అంటగట్టడం నా ఉద్దేశం కాదు.

అందరికంటే వెనక నడిచే పనిని ఆ రోజే చేరిన కుర్రాడికి అప్పజెప్పకండి. మీలో అనుభవం ఉన్నవాళ్లు ముందు నడుస్తారు, దారి చూపడం గొప్పగా ఉంటుంది కాబట్టి. మేకల కాపరి ఎక్కడ నడుస్తాడో గమనించారా? మంద వెనక. కుంటేది, ఈనేది, తప్పిపోయేది వెనకే ఉంటుంది కదా. బాట చీలిన ప్రతి చోటా చివరి మనిషి కనపడేదాకా ముందువాళ్లు ఆగాలి. పది నిమిషాలు పోతాయి, పోనివ్వండి. ఆగినప్పుడు ఇంకో సంగతి: వెనకవాడు వచ్చి చేరగానే ‘హమ్మయ్య, పదండి’ అని లేస్తాం. అందరికంటే అలసినవాడికి మాత్రం అప్పుడు విశ్రాంతి దొరకదు. వాడు కూర్చుని, నీళ్లు తాగి, లేస్తానన్నాకే లేవండి.

ఎవరైనా ఇక నడవలేనంటే ఒంటరిగా వెనక్కి పంపొద్దు. తోడు వెళ్లేవాడికి జలపాతం పోతుంది, నిజమే. అతనికి వచ్చే ట్రిప్పులో డబ్బు తీసుకోకండి, అంతే.

హిమాలయాలకు తీసుకెళ్లేవాళ్లు ఈ మాట రెండింతలు గట్టిగా వినాలి. మనవాళ్లు సముద్రమట్టానికి అయిదారు వందల మీటర్ల ఎత్తునున్న హైదరాబాద్ నుంచి విమానమెక్కి, మూడు నాలుగు రోజుల్లో 3,800 మీటర్ల కేదార్‌కంఠ మీద నిలబడుతున్నారు. తలనొప్పి, వాంతి ఉంటే ఆ రోజు పైకి కదలకూడదు. అనుమానం వస్తే నేల మీద ఒక గీత గీసి, మడమకు బొటనవేలు ఆనించి పది అడుగులు నడవమనండి. తూలితే మారుమాట లేకుండా కిందికి దించాలి, దిగడమే అసలు మందు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే కూడా అంతే. ఆ దిగేటప్పుడు కూడా ‘నేను దిగుతాలే, మీరు పదండి’ అంటారు. అనడమూ జబ్బులో భాగమేనని గుర్తుంచుకోండి.

వెనకబడే మిత్రులారా, మీతోనూ ఒక మాట. తోడు బాధ్యత ఒకవైపు నుంచే ఉండదు. షుగర్ ఉందనో, మూర్ఛ ఉందనో, పోయిన నెల స్టెంట్ వేశారనో దాచిపెట్టి వస్తే పక్కవాడి కళ్లకు గంతలు కట్టినట్టే. మా బావమరిది ఇదే అంటాడు, ‘నీది ఎంత తప్పో నాదీ అంతే బావా’ అని. అతను ఎంత అన్నా మా ఆవిడ మాత్రం సగం సగం పంచడానికి ఒప్పుకోదు. ఆ రోజు రాత్రి తమ్ముణ్ణి చూసి, నా వైపు తిరిగి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

మూడు నెలల తర్వాత ఆ మేకల కాపరిని వెతుక్కుంటూ నేనూ మా బావమరిదీ వెళ్లాం. కొత్త తువ్వాలు, కేజీ మిఠాయి పట్టుకెళ్లాం. మిఠాయి తీసుకుని మనవడికిచ్చాడు, తువ్వాలు భుజాన వేసుకున్నాడు. మావాణ్ణి గుర్తుపట్టాడు. నన్ను గుర్తుపట్టలేదు, లేదా గుర్తుపట్టనట్టు ఉన్నాడు.

వచ్చే చైత్ర పౌర్ణమికి సలేశ్వరం వెళ్దామని అతనే అంటున్నాడు, మా బావమరిది. సరేనన్నాను. మాత్రల చీటీ ఒకటి నా జేబులో పెట్టుకుంటాను, బెల్లం ముక్కలు ఇద్దరి సంచుల్లోనూ ఉంటాయి. ముందు అతను నడుస్తాడు. మీ గ్రూపుల్లో ఎవరైనా ఆ రోజుకు బస్సు వేస్తుంటే చెప్పండి, రెండు సీట్లు కావాలి, పక్కపక్కన.

ఇట్లు,
ఆ రోజు ముందు నడిచిన బావ